పాత అంబాసిడరా, కొత్త డిజైరా? విశాఖలో కొనేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ పోలుస్తున్నవి రెండు బళ్లు. ఒకటి 1489 సీసీ పెట్రోలు ఇంజన్ ఉన్న హిందుస్తాన్ అంబాసిడర్. రెండోది 2024 నవంబరులో వచ్చిన మారుతి డిజైర్. 1990ల్లో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజన్ అంబాసిడర్‌కు తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెప్పాం. కొనుగోలు ధరల జోలికి మాత్రం వెళ్లలేదు. పాత బండి ధరను దాని రేకూ, అమ్మేవాడి అవసరమూ కలిసి నిర్ణయిస్తాయి.

ఈ రెండింటికీ పోలికేమిటి?

రెండూ ఒకే పనికి తయారైనవి. ఇంటిల్లిపాదీ కూర్చుని, డిక్కీలో సామాను వేసుకుని వెళ్లే కారు కావాలన్నదే ఆ పని. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం అంబాసిడర్‌లో 2464 మి.మీ., డిజైర్‌లో 2450 మి.మీ. దాదాపు సమానం. మొత్తం పొడవు చూస్తే డిజైర్‌ను పన్ను తగ్గేలా 4 మీటర్ల లోపు, 3995 మి.మీ.కి కుదించారు. అంబాసిడర్ 4.3 మీటర్లు దాటుతుంది. డిజైర్ బరువు వెయ్యి కిలోలు కూడా ఉండదు, శక్తి సుమారు 82 గుర్రాలు (హార్స్‌పవర్). అంబాసిడర్ బరువు 1100 కిలోల పైన, 1489 సీసీ ఇంజన్ ఇచ్చేది సుమారు 50. పికప్‌లో తేడా ఎందుకొస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి మాత్రం అంబాసిడర్ వెనక సీటుకు సాటి వచ్చే బళ్లు ఈనాటికీ తక్కువే. సీటు ఎత్తు, తలుపు వెడల్పు రెండూ కుదిరాయి.

రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికి అంబాసిడర్ పనికొస్తుందా?

ఇంట్లో ఒకే బండి ఉండాలంటే డిజైరే కొనండి. ఇందులో ఆలోచించేదేమీ లేదు. గాజువాక నుంచి ఎన్‌ఏడీ మీదుగా మద్దిలపాలెం దాకా, పవర్ స్టీరింగ్ లేకుండా, స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరుతో, ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నడపడం సరదా వ్యవహారం కాదు. అంబాసిడర్ రెండో బండిగా బాగుంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా 20 కిలోమీటర్లకు తగ్గకుండా నడిపితే దాని ఆరోగ్యమూ బాగుంటుంది. నెలల తరబడి కదలకుండా పెడితేనే పాడవుతుంది.

పెట్రోలు ఖర్చు ఎంత తేడా?

కంపెనీ లెక్కలో డిజైర్ మాన్యువల్‌ది లీటరుకు 24.79 కిలోమీటర్లు. ఊళ్లో ట్రాఫిక్‌లో 15 నుంచి 18 వస్తే సంతోషించాలి. ట్యూనింగ్ సరిగ్గా ఉన్న అంబాసిడర్ ఊళ్లో 9 నుంచి 11 ఇస్తుంది. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగితే, అంబాసిడర్‌కు 10 చొప్పున 100 లీటర్లు, డిజైర్‌కు 16 చొప్పున 62.5 లీటర్లు కావాలి. లీటరు 109 రూపాయలు అనుకుంటే 10,900కీ 6,800కీ మధ్య తేడా నెలకు 4,100. నెలకు 150 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఇదే తేడా 600 రూపాయల పైచిలుకు. పాత బండి ఖర్చంతా పెట్రోల్లోనే అనుకుంటారు గానీ, తక్కువ తిరిగేవాళ్లకు అసలు ఖర్చు రేకు పనిది.

సముద్రపు గాలికి ఏ బండి త్వరగా తుప్పు పడుతుంది?

అంబాసిడరే. దాని రేకు మందం నిజమే, కానీ రేకుల అతుకుల మధ్య, తలుపుల కింద పెట్టె ఆకారంలో ఉండే సిల్స్ లోపల రంగు చేరదు. కొత్త బళ్ల బాడీ మొత్తాన్ని రంగు తొట్టెలో ముంచి, కరెంటుతో లోపలి మూలలకు కూడా ప్రైమర్ పట్టిస్తారు. పాత బండికి ఆ రక్షణ లేదు. మందంగా ఉన్న రేకు తుప్పును ఆపదు, చిల్లు పడే రోజును కొంచెం వాయిదా వేస్తుంది, అంతే.

విశాఖలో బండి ఎక్కడ నిలబడుతుందనేది చాలా ముఖ్యం. పాండురంగాపురం, లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి వైపు సముద్రానికి ఎదురుగా ఆరుబయట పెట్టే బండికీ, గోపాలపట్నం, పెందుర్తి వైపు షెడ్డులో పెట్టే బండికీ తుప్పు వేగంలో పోలికే ఉండదు. అంబాసిడర్‌లో తుప్పు మొదలయ్యే చోట్లు ఇవి: తలుపుల కింద సిల్స్, ముందు సీట్ల కింద ఫ్లోర్, డిక్కీ అడుగు, స్టెపినీ పెట్టే చోటు, హెడ్‌లైట్ గిన్నెల చుట్టూ, ముందు మడ్‌గార్డుల వెనక భాగం, ముందు అద్దం రబ్బరు కింద, వెనక కమాన్ కట్టలు బాడీకి తగిలే బ్రాకెట్ల దగ్గర. చివరిది ప్రమాదకరం. బ్రాకెట్ ఊడితే వెనక యాక్సిల్ పక్కకు జరుగుతుంది.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు కిందినుంచి, చక్రాల గుంతల్లోంచి మామూలు నీళ్లతో పైపు పట్టండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీల్లో ఆ నీళ్లు వాడితే చేసిన పని వృథా. తలుపుల అడుగునా సిల్స్ అడుగునా నీరు కారే రంధ్రాలను సన్నటి తీగతో ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ తర్వాతా శుభ్రం చేయండి. సిల్స్ లోపలికి క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో కొట్టే మైనం) కొట్టించండి. తుప్పు గీకకుండా పైన నల్ల తారు పూత వేయించడం ఊళ్లో మామూలుగా జరిగే పనే. దాని కింద తేమ చిక్కుకుపోయి, కనపడకుండా తినేస్తుంది. ప్లాస్టిక్ కవరు కూడా అంతే. గాలి ఆడే గుడ్డ కవరు వాడాలి. పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్లు పోయాలి.

కొత్త బండికి తుప్పు సమస్య లేనట్టేనా?

బాడీకి చాలాకాలం ఉండదు. కింద ఉండే బోల్టులు, సైలెన్సర్ అతుకులు, ముందు గ్రిల్ వెనకుండే ఏసీ కండెన్సర్ ముందు దెబ్బతింటాయి. రాత్రి బీచ్ పక్కన పెట్టిన బండి బ్రేకు డిస్కుల మీద పొద్దున్నే ఎర్రటి పొర కనిపిస్తే కంగారు పడకండి, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది.

పాత అంబాసిడర్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం పరీక్షించాలి?

ముందు కాగితాలు, తర్వాత రేకు, ఆ తర్వాతే ఇంజన్. చాలామంది ఇంజన్ చప్పుడు విని మురిసిపోయి ఈ వరసను తిరగేస్తారు. ఇంజన్‌ను ఏ బోరింగ్ షాపులోనైనా బాగు చేయించుకోవచ్చు, కుళ్లిన బాడీని బాగు చేయగల టింకరింగ్ మేస్త్రీలు ఏటికేడూ తగ్గిపోతున్నారు.

ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇంధనం ఏమని రాసుందో చూడండి. పెట్రోలు అంబాసిడర్లలో డీజిల్ ఇంజన్ పెట్టించడం ఒకప్పుడు ఊరూరా జరిగింది, అది ఆర్సీలో ఎక్కకపోతే రెన్యువల్ దగ్గర ఇరుక్కుంటారు. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కాలి. కోల్‌కతా నుంచి తెచ్చిన బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, ఉందా లేదా చూడండి. దాంతోపాటు ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, యాజమాన్య బదిలీకి 29, 30 పెట్టాలి. బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్సు కూడా కట్టాలి. బేరం ఆడేటప్పుడే దీన్ని కలుపుకోండి.

రేకు దగ్గర, చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి సిల్స్, తలుపుల అడుగు, చక్రాల పైన వంపులు మొత్తం తాకిస్తూ పోండి. పట్టు వదులైన చోట లోపల పుట్టీ ఉంది. కార్పెట్ ఎత్తి ఫ్లోర్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు గణగణమంటుంది, కుళ్లింది మెత్తగా మోగుతుంది. తర్వాత జాకీ పాయింటు దగ్గర ఒకవైపు ఎత్తి తలుపులు తెరిచి మూయండి. నేల మీద సరిగ్గా పడిన తలుపు ఇప్పుడు ఒరుసుకుంటే సిల్స్ బలం పోయినట్టే. ఆ బండి ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయమనండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే ఏదో దాస్తున్నారు. వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొడుతూ కంప్రెషన్ గేజీ పెట్టండి. అంకె ఎంతన్నదానికంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి తగ్గితే, ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్‌లో తేడా ఉంది.

నడిపేటప్పుడు హ్యాండ్ గేరు రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటే లింకేజీ బుష్‌లు అరిగాయి, అది చిన్న పనే. రెండో గేరు వేసి యాక్సిలేటర్ వదిలినప్పుడు గేరు దానంతటదే ఊడిపోతే గేరుబాక్సు విప్పాలి, అది పెద్ద పని. ముందు చక్రాన్ని ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఒకరు బ్రేకు తొక్కి పట్టినా కదలిక ఉంటే కింగ్ పిన్‌లు (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్నులు) అరిగాయి, ఆగిపోతే వీల్ బేరింగు. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పి చూస్తే తప్ప యాక్సిల్ ఆయిల్ సీలు కారుతోందో లేదో తెలియదు. కారితే ఆయిల్ బ్రేకు షూల మీద పడుతుంది.

టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగే బళ్ల టైర్లు అరగవు, ఎండకు పగుళ్లిస్తాయి. ఆరేళ్లు దాటితే గాడులు ఎంత లోతున్నా మార్చండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలు పాత బండికి పోయవచ్చా?

పోయక తప్పదు. అందుకే బండిని దానికి సిద్ధం చేయాలి. 20 శాతం ఇథనాల్‌తో వచ్చే చిక్కులు మూడు. మొదటిది, పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రం, కార్కు గ్యాస్కెట్లు ఉబ్బి, మెత్తబడి కారతాయి. రెండోది, ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. విశాఖలో ఆ తేమకు కొదవ లేదు. నీరు ఎక్కువైతే ట్యాంకు అడుగున వేరే పొరగా దిగి, ట్యాంకును లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. మూడోది, ఇథనాల్ కలిసిన పెట్రోలు మండటానికి అదే గాలికి కొంచెం ఎక్కువ పెట్రోలు కావాలి. కార్బ్యురేటర్ పాత సెట్టింగులోనే ఉంటే పెట్రోలు, గాలి కలిసిన మిక్స్చర్ పల్చబడి ఇంజన్ వేడెక్కుతుంది, పికప్‌లో తడబడుతుంది.

ఏం మార్చాలంటే: ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే ఆర్9 రకం పైపులతో, పంపు డయాఫ్రం కిట్టు, కార్బ్యురేటర్ ఓ-రింగులు వైటాన్ అనే గట్టి రబ్బరు రకంతో. ట్యాంకు దగ్గర పారదర్శకంగా ఉండే ఫిల్టరు పెట్టండి. ఇథనాల్ పాత మడ్డిని కరిగించి తెస్తుంది కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకుల వరకు ఫిల్టరు తరచూ మార్చాలి. బండిని కదపకుండా పెట్టే కాలంలో ట్యాంకు నిండుగా ఉంచితే లోపల గాలి తక్కువ, తేమ తక్కువ. నెలల పాటు కదపనని తెలిస్తే పూర్తిగా దింపేయడమే మేలు.

ఎస్‌యూ కార్బ్యురేటర్ ఉన్న బండిలో మిక్స్చర్ సరిచేయడం ఇంట్లోనే అవుతుంది. అడుగున ఉన్న ఆరు పలకల జెట్ నట్టును కిందికి తిప్పితే మిక్స్చర్ చిక్కబడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక, ఒక్కో పలక చొప్పున తిప్పుతూ, కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ను మిల్లీమీటరు పాటి మాత్రమే పైకి లేపి చూడండి. వేగం పెరిగి అలాగే ఉంటే చిక్కన ఎక్కువైంది. ఇంజన్ ఆగబోతే పల్చన. ఒక్క క్షణం కొంచెం పెరిగి సర్దుకుంటే సరిపోయింది. ఈ20కి మారిన బండికి సాధారణంగా ఒకటి రెండు పలకలు చాలు.

ఖరీదైన ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే అంబాసిడర్‌కు ఒరిగేదేమీ లేదు. తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కు అది అవసరం లేదు.

డిజైర్ విషయంలో ఈ గొడవే లేదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లు ఈ20కి తగ్గట్టే వస్తున్నాయి, మిక్స్చర్‌ను కంప్యూటర్ చూసుకుంటుంది. మైలేజీ కాస్త తగ్గుతుంది.

లెడ్ లేని పెట్రోలుతో వాల్వులు పాడవుతాయంటారు, నిజమేనా?

నిజమే, కానీ మెల్లగా. 2000లో దేశమంతటా లెడ్ పెట్రోలు ఆగిపోయింది. పాత 1489 సీసీ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు హెడ్ ఇనుములోనే చెక్కి ఉంటాయి. లెడ్ పూత లేకపోతే ఎక్కువ వేగంలో సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. బయటికి కనిపించే గుర్తు: టాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఖాళీ, మాటిమాటికీ తగ్గిపోవడం. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి ఏళ్లు పడుతుంది. ఎప్పుడైనా హెడ్ విప్పితే అప్పుడే గట్టి ఇనుప సీట్లు కొట్టించేయండి. దీనికోసమే హెడ్ విప్పనక్కర్లేదు.

టాపెట్ గ్యాప్ 0.38 మి.మీ. పెట్టడానికి గుర్తుంచుకోవాల్సిన లెక్క తొమ్మిది. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, మూడోది తెరుచుకుంటే ఆరోది. రెండూ కలిపి తొమ్మిది కావాలి.

సింహాచలం కొండకూ అరకు ఘాటుకూ అంబాసిడర్ ఎక్కుతుందా?

ఎక్కుతుంది. కాలం చెల్లేదాకా ఈ బళ్లు ఆ ఘాట్లన్నీ ఎక్కాయి. అడ్డం వచ్చేవి వేడి, పెట్రోలు ఆవిరి, దిగేటప్పుడు బ్రేకులు.

వేడెక్కే బళ్లలో చాలాసార్లు తప్పు మనవాళ్ల అలవాటుది. వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు) తీసి పారేస్తాడు. మామూలు రోడ్డు మీద ఇంజన్ ఎప్పుడూ చల్లగా నడిచి, పెట్రోలు ఎక్కువ తాగి, త్వరగా అరుగుతుంది. ఘాటులో మాత్రం మళ్లీ వేడెక్కుతుంది, ఎందుకంటే అసలు కారణం పూడుకుపోయిన రేడియేటర్. దాన్ని విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో సన్నటి రాడ్డు దూర్చి శుభ్రం చేయడం) చేయించండి. క్యాప్ స్ప్రింగు మార్చండి. ఫ్యాన్ బెల్టు మధ్యలో నొక్కితే వేలెడు మందం కన్నా ఎక్కువ దిగకూడదు. బోరు నీళ్లు పోయకండి, కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ పోయండి.

అనంతగిరి మలుపుల్లో నెమ్మదిగా ఎక్కుతూ ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయి, సెల్ఫ్ కొట్టినా అందుకోకపోతే అది వేపర్ లాక్. పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోయింది. బానెట్ తెరిచి, పంపు మీద తడిగుడ్డ వేసి 15 నిమిషాలు ఆగండి. బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టకండి. తర్వాత తీరిగ్గా పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరిపించి, వేడి తగలని తొడుగు వేయించండి.

దిగడం ఎక్కడం కంటే కష్టం. పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, తర్వాతి కాలపు కొన్ని బళ్లకు ముందు డిస్కులు వచ్చాయి. డ్రమ్ములు వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పాత నాలుగు గేర్ల బాక్సులో మొదటి గేరుకు సింక్రో (పళ్లు సాఫీగా కలిసేలా చేసే ఏర్పాటు) లేదు కాబట్టి బండి కదులుతుండగా ఒకటిలోకి వేయబోతే పళ్లు అరుస్తాయి. వాలు మొదలవకముందే రెండులో పెట్టుకోండి. పాత బళ్లలో మరో ప్రమాదం, బ్రేకు లైను అన్ని చక్రాలకూ ఒకటే. ఒక్క వీల్ సిలిండర్ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. ఘాటు ప్రయాణానికి ముందు నాలుగు డ్రమ్ముల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి, అది కూడా తేమ పీల్చేదే.

డిజైర్‌కు ఘాటు సమస్యే కాదు. ఏజీఎస్ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు దానంతటవే పడే) బండి అయితే సింహాచలం దారిలో పండుగ రోజుల వరసలో యాక్సిలేటర్‌తో బండిని వాలు మీద నిలబెట్టకండి, క్లచ్ కాలుతుంది. బ్రేకు మీద ఆపండి, కదిలేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో ఒకటో గేరు వేయండి.

అంబాసిడర్ ఇనుప బండి కదా, ప్రమాదంలో అదే క్షేమం కాదా?

కాదు. ఊళ్లో అందరూ నమ్మే మాట ఇది, పూర్తిగా తప్పు. గుద్దినప్పుడు బండి ముందుభాగం నలగాలి. అది నలుగుతూ దెబ్బ వేగాన్ని తాను తీసుకుంటేనే లోపలివాళ్లకు తగ్గుతుంది. అంబాసిడర్ నలగదు, కాబట్టి ఆ ఊపంతా మనుషులకే. స్టీరింగ్ రాడ్డు ముడుచుకోదు, గుండెల మీదికి వస్తుంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేవు, పాత బళ్లలో సీటు బెల్టులూ ఉండవు. ప్రమాదం తర్వాత బండి చెక్కుచెదరలేదని గొప్పగా చెప్పుకునే ఫొటోల్లో లోపలివాళ్ల సంగతి ఉండదు.

2024 డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ బళ్లను గుద్దించి చేసే పరీక్షలో పెద్దల రక్షణకు 5 స్టార్లు వచ్చాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి.

అంబాసిడర్‌కు బెల్టులు పెట్టించేటట్టయితే, పల్చటి ఫ్లోర్ రేకుకు బోల్టు వేసి వదిలేయకుండా అడుగున మందమైన ఇనుప ప్లేటు పెట్టి బిగించమనండి. లేకపోతే అవసరం వచ్చిన క్షణంలో బెల్టు రేకుతో సహా ఊడొస్తుంది. పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టకండి.

పాత బండికి ఏసీ పెట్టించవచ్చా?

ఇసుజు ఇంజన్ బండికి పెట్టించవచ్చు. 1489 సీసీ బండికి వద్దు. పాత డైనమో సుమారు 20 ఆంపియర్లే ఇస్తుంది, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆ మాత్రమూ ఇవ్వదు. ఆల్టర్నేటర్, పెద్ద రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ అన్నీ మార్చినా ఘాటులో ఏసీ కట్టేయాల్సిందే. మొదటి తరం బళ్లలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ తీగను బాడీకి బిగించడం, ఉండొచ్చు. ఛార్జరో ఆడియో సిస్టమో పెట్టించే ముందు బ్యాటరీ ఏ తీగ బాడీకి బిగించి ఉందో చూడండి, చూడకుండా పెడితే కొత్త సామాను కాలిపోతుంది.

సర్వీసింగ్ ఎలా చేయించాలి?

అంబాసిడర్‌కు 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్, ఫిల్టరుతో కలిపి నాలుగు లీటర్ల పైచిలుకు. 3000 కిలోమీటర్లకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చండి. డిజైర్‌కు కంపెనీ చెప్పే పల్చటి సింథటిక్ ఆయిల్‌ను అంబాసిడర్‌లో పోస్తే సీళ్లలోంచి కారుతుంది. అంబాసిడర్ ఆయిల్ డిజైర్‌లో పోస్తే సన్నటి ఆయిల్ దారుల్లో పారదు. ప్లగ్ గ్యాప్ 0.64 మి.మీ., పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ. ముందు చక్రాల గ్రీజు నిపిళ్లకు 1500 కిలోమీటర్లకోసారి గన్ పెట్టి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. ఎత్తి పెట్టి, బరువు చక్రం మీద లేనప్పుడు కొడితే గ్రీజు అన్ని వైపులకూ వెళ్తుంది. కింగ్ పిన్‌లు అరగడానికి మొదటి కారణం ఈ ఒక్క పని చేయకపోవడమే.

డిజైర్‌కు మీరు చేయగలిగేది ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, వైపర్లు, టైర్ల గాలి. మిగతాది స్కానర్ ఉన్న చోటే. స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి, మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న బండికి బ్యాటరీ మార్చేటప్పుడు దానికి తట్టుకునే ఈఎఫ్‌బీ రకమే వేయించండి, మామూలుది త్వరగా పోతుంది.

అంబాసిడర్ విడిభాగాలు దొరుకుతాయా?

తయారీ 2014 మేలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొంది. అయినా అర్ధ శతాబ్దానికి పైగా నడిచిన బండి కాబట్టి ఇంజన్, బ్రేకు, క్లచ్ సామాను ఇబ్బంది లేకుండా దొరుకుతుంది. ముందు గాజువాక ఆటోనగర్‌లో అడగండి, లేకపోతే విజయవాడ ఆటోనగర్, ఆ తర్వాత కోల్‌కతా. కష్టమల్లా పాత మార్కుల (మార్క్ 1, మార్క్ 2 లాంటి పాత మోడళ్ల) గ్రిల్, బంపర్లు, మెరుపు పట్టీలు, డాష్‌బోర్డు మీటర్లు. ఇవి లోపించిన బండిని తక్కువ ధరకు వస్తోందని కొనకండి. బ్రేకు సిలిండర్లు, రబ్బర్లు కొనేటప్పుడు పాతదాన్ని చేత పట్టుకెళ్లి కొలత సరిచూసుకోవాలి, నాణ్యత పెట్టెపెట్టెకూ మారుతుంది.

పదిహేనేళ్లు దాటిన బండిని విశాఖలో నడపనిస్తారా?

నడపనిస్తారు. పదిహేనేళ్ల పెట్రోలు బళ్ల నిషేధం గొడవ ఢిల్లీ ప్రాంతానిది. ఇక్కడ 15 ఏళ్లకు ఆర్సీ గడువు ముగిసేలోగా ఫారం 25తో రెన్యువల్‌కు పెట్టుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. బండిని తనిఖీ చేసి ఐదేళ్లకు ఇస్తారు, ఆ తర్వాత మళ్లీ ఐదేళ్లకోసారి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ రుసుము 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. గడువు దాటితే నెలకు 500 అదనం. గ్రీన్ ట్యాక్సు వేరు.

తనిఖీలో ఎక్కువగా తిరగ్గొట్టేవి హెడ్‌లైట్లు, హ్యాండ్‌బ్రేకు, హారన్, అరిగిన టైర్లు. వీటిని ముందే సరిచూసుకుని వెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించడం లాభమా?

2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా ఉన్న సొంత బండికే అది వర్తిస్తుంది. అంబాసిడర్లలో దాదాపుగా మార్క్ 2, అంతకు ముందువి అన్నమాట. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. తర్వాత రెన్యువల్‌కు 5,000. పాత నంబరు ఉన్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఆదివారం కుటుంబంతో భీమిలి వెళ్లిరావాలనుకునేవాళ్లు దీని జోలికి పోకుండా మామూలు రెన్యువల్ చేయించుకోవడమే నయం.

ఇన్సూరెన్స్?

2022 జూన్ నుంచి అమలైన రేట్లలో థర్డ్ పార్టీ ప్రీమియం 1000 నుంచి 1500 సీసీ కార్లకు ఏడాదికి 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. అంటే 1489 సీసీ అంబాసిడర్, 1197 సీసీ డిజైర్ ఒకే గుంపు, ఇసుజు అంబాసిడర్‌కు రెట్టింపు పైన. పాత బండికి సొంత నష్టం కవరు కావాలంటే బండి విలువను మీరూ కంపెనీ ముందే మాట్లాడుకుని పాలసీలో రాయించుకోవాలి. ఖర్చుపెట్టి బాగు చేయించిన బండికి బిల్లులు, ఫొటోలు దాచండి.

పొల్యూషన్ పరీక్షలో పాత బండి ఫెయిలవుతుందా?

దానికి కొత్త బండి ప్రమాణం పెట్టరు. 2000కు ముందరి పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి, బీఎస్-4 బళ్లకు 0.3 శాతమే. మిక్స్చర్ సరిగ్గా ఉన్న అంబాసిడర్ ఆ 3 శాతాన్ని దాటదు. దాటితే చోక్ పూర్తిగా వెనక్కి వెళ్తోందా, ఎయిర్ ఫిల్టరు పూడిందా చూడండి. బండిని వేడిగా తీసుకెళ్లండి.

తుపాను వానల్లో నీళ్లలో మునిగితే ఏ బండి తేరుకుంటుంది?

అంబాసిడర్ త్వరగా తేరుకుంటుంది. నీళ్లు తలుపు దాకా వచ్చినా దానిలో తడిసి మొరాయించేది ఇగ్నిషన్, పాడయ్యేది ఫ్లోర్ మీది కార్పెట్. డిజైర్‌లో సీట్ల కింద, డాష్ కింద ఉండే కంట్రోల్ యూనిట్లు, కనెక్టర్లు తడిస్తే వారం తర్వాత కూడా ఒక్కో లోపం బయటపడుతూ ఉంటుంది.

రెండింటికీ మొదటి నియమం ఒకటే: నీళ్లు దిగాక సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లలో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. డిజైర్ అయితే బ్యాటరీ తీగ విప్పి, తోయించి లేదా ఎత్తించి సర్వీస్ సెంటర్‌కు పంపండి. నీళ్లలో ఉన్నప్పుడు స్టార్టు చేసినట్టు తేలితే ఇంజన్ క్లెయిమ్‌ను ఇన్సూరెన్స్ కంపెనీలు తిరస్కరిస్తాయి, ఇంజన్ ప్రొటెక్ట్ కవరు తీసుకున్నారో లేదో ఇప్పుడే పాలసీలో చూసుకోండి.

అంబాసిడర్ అయితే ప్లగ్గులు తీసి, ఇంజన్‌ను చేత్తో తిప్పి సిలిండర్లలోని నీళ్లు బయటికి పంపండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల రంగులో ఉంటే దింపేసి, చవక ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపి, దాన్నీ దింపి మంచిది పోయండి. గేరుబాక్సు, వెనక యాక్సిల్ ఆయిల్ కూడా మార్చాలి, వాటి గాలి రంధ్రాల్లోంచి నీళ్లు వెళ్తాయి. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తుడవండి. పెట్రోలు ట్యాంకు అడుగు బోల్టు విప్పి ఒక లీటరు సీసాలోకి పట్టి, అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం దింపాలి. నాలుగు డ్రమ్ములూ విప్పి ఆరబెట్టి, వీల్ బేరింగుల్లో గ్రీజు మార్చాకే బండిని రోడ్డెక్కించండి.